ఇండీ పాటలు, రాబోయే సినిమాలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఇండీ సంగీతం, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా వచ్చే పాటలు, ఎక్కువగా వింటానని, రాని సినిమాల గురించి వచ్చిన సినిమాల కంటే ఎక్కువ మాట్లాడతానని తెలిశాక కొత్తవాళ్లు అడిగేవి ఇంచుమించు ఇవే. అభిప్రాయాలు నావి కాబట్టి వాటి మీద ఎంతైనా పోట్లాడొచ్చు. తేదీలు, లెక్కలు నావి కావు, వాటితో గొడవ పడి లాభం లేదు.

ఏ బ్యాండ్ ఇండీ, ఏది కాదు? ఎలా తేలుస్తారు?

గిటార్ కాస్త శ్రుతి తప్పి, గొంతు కాస్త నిద్రమత్తులో ఉంటే ఇండీ అనుకునేవాళ్లు చాలామంది. అసలు సంగతి డబ్బుది. 1977 జనవరిలో మాంచెస్టర్‌కి చెందిన బజ్‌కాక్స్ అప్పు తెచ్చుకుని, న్యూ హార్మోన్స్ అని సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టి నాలుగు పాటల రికార్డు విడుదల చేశారు. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా కూడా రికార్డు జనంలోకి వెళ్తుందని అప్పుడు చాలామందికి ధైర్యం వచ్చింది. 1980 జనవరిలో బ్రిటన్‌లో ఇండీ చార్టు మొదలైనప్పుడు కూడా పాట ఎలా ఉందో ఎవరూ చూడలేదు. రికార్డును దుకాణాలకు చేర్చింది స్వతంత్ర పంపిణీదారా కాదా, అంతే. ఆ లెక్కన నిక్కమైన డాన్స్ పాట కూడా ఇండీ చార్టులో దర్జాగా కూర్చోవచ్చు.

ఇప్పుడు ఆ గీత చెరిగిపోయింది. ఇంట్లో ఒక్కడే కూర్చుని రికార్డు చేసిన పాటలను ఇంటర్నెట్‌లో పెడుతూ పేరు తెచ్చుకున్న అలెక్స్ జీ 2025లో ఆర్‌సీఏ ద్వారా ఆల్బమ్ తెచ్చాడు. ఆర్‌సీఏ అంటే సోనీ చేతిలోని పెద్ద లేబుల్. మరి అతణ్ని వెలివేయాలా? నేను వెలివేయను. నాకు కావలసింది ఒకటే: పాటలో ఏది ఉండాలి, ఏది పోవాలి అన్న ఆఖరి మాట ఎవరిది? ఆ మాట పాడినవాడిదైతే లేబుల్ ఎవరిదైనా నాకు పట్టింపు లేదు.

కొత్త బ్యాండ్లు మీకు ఎక్కడ దొరుకుతాయి?

క్రెడిట్స్‌లో. ఇది వినగానే అందరి మొహాలూ వాడిపోతాయి, ఏదో రహస్య ప్లేలిస్ట్ చెబుతాననుకుంటారు. కానీ నాకు తెలిసిన దారుల్లో ఇంతకంటే నమ్మకమైనది లేదు. పాట నచ్చితే ఎవరు పాడారన్న దగ్గర ఆగిపోకండి. ఎవరు ప్రొడ్యూస్ చేశారు, ఎవరు మిక్స్ చేశారు, ఏ స్టూడియోలో చేశారు, పక్కన గిటార్ పట్టింది ఎవరు, అన్నీ చదవండి.

ఉదాహరణకి, ఎంజే లెండర్‌మన్ 2024 ఆల్బమ్ ‘మ్యానింగ్ ఫైర్‌వర్క్స్’ నచ్చిందనుకుందాం. అది నార్త్ కరొలైనాలోని యాష్‌విల్‌లో డ్రాప్ ఆఫ్ సన్ అనే స్టూడియోలో అలెక్స్ ఫరార్‌తో కలిసి చేసిన పని. అదే స్టూడియోలో, అదే ఫరార్‌తో వెన్స్‌డే అనే బ్యాండ్ 2025లో ‘బ్లీడ్స్’ చేసింది. లెండర్‌మన్ ఆ బ్యాండ్ గిటారిస్టే. ఇక్కణ్నుంచి ఇంకో దారి: లెండర్‌మన్ 2024లోనే వాక్సహాచీ ఆల్బమ్ ‘టైగర్స్ బ్లడ్’లో గొంతు కలిపాడు, గిటార్ వాయించాడు. దాన్ని ప్రొడ్యూస్ చేసింది బ్రాడ్ కుక్. కుక్ పేరు పట్టుకుంటే స్నెయిల్ మెయిల్ దగ్గరికి, హర్రే ఫర్ ది రిఫ్ రాఫ్ దగ్గరికి వెళ్తారు. ఒక్క ఆల్బమ్ అట్ట తిరగేస్తే ఒక ఊరు ఊరంతా పరిచయమవుతుంది. ఏ యాప్ కూడా నాకు ఇంత పొందికైన సాయంత్రం ఇవ్వలేదు.

చిక్కేమిటంటే స్ట్రీమింగ్ యాప్‌లలో క్రెడిట్స్ ఏ మూలో దాక్కుని ఉంటాయి. ఉన్నా సగమే ఉంటాయి. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో ఆల్బమ్ కింద బ్యాండ్ వాళ్లు రాసుకున్న నాలుగు ముక్కలు చదవండి, లేదా రికార్డుల వివరాలు పోగేసే డిస్కాగ్స్ సైట్‌లో వెతకండి.

యాప్ సూచించే పాటలు అసలు వినరా?

వింటాను. వంట చేసేటప్పుడు, ఇల్లు సర్దేటప్పుడు. యాప్ మీకు నిన్న నచ్చినదానికి దగ్గరగా ఉన్నదాన్ని తెస్తుంది, అది దాని పని. నిన్న నచ్చనిది రేపు నచ్చే అవకాశం మాత్రం దాని లెక్కలో ఉండదు.

నెల నెలా చందా కడుతున్నాం కదా, ఆ డబ్బు నేను వినే బ్యాండ్‌కి చేరదా?

మీరు అనుకున్నట్టు చేరదు. పెద్ద స్ట్రీమింగ్ కంపెనీల్లో ఎక్కువగా నడిచేది ఉమ్మడి కుండ పద్ధతి. అందరి చందాలు, ప్రకటనల రాబడి ఒకచోట పోసి, మొత్తం ప్లేలలో ఎవరి వాటా ఎంతో చూసి పంచుతారు. నెల పొడుగునా మీరు ఒకే ఒక్క చిన్న బ్యాండ్ విన్నా, మీ చందాలో పెద్ద భాగం మీరెన్నడూ వినని పెద్ద తారల వైపే పోతుంది. దానికి తోడు 2024 మొదటి నుంచి స్పాటిఫైలో ఇంకో నియమం వచ్చింది: గడిచిన 12 నెలల్లో 1000 ప్లేలు దాటని పాటకు రికార్డింగ్ రాయల్టీ లేదు. ఒక్కో పాట మీద పోయేది చిల్లరే కావచ్చు. కానీ ఆ చిల్లర ఎవరిదో వాళ్లకు చేరకుండా మిగతావాళ్లకు పంచడం నాకు మింగుడుపడలేదు, ఇప్పటికీ పడదు.

ఇంకో సంగతి. ప్లేగా లెక్కకు రావాలంటే 30 సెకన్లు వినాలి. ఈ మధ్య పాటల్లో పల్లవి పరిగెత్తుకుంటూ రావడం, ముందు వాద్యాల భాగం కుంచించుకుపోవడం చూస్తున్నారు కదా, దాని వెనక ఈ 30 సెకన్ల భయం కూడా ఉంది. ఇండీ వాళ్లలో నాకు నచ్చేది, ఇప్పటికీ రెండు నిమిషాల గిటార్ తర్వాతే నోరు తెరిచేవాళ్లు కొందరు మిగిలి ఉండటం.

నేను చేసేది ఇది: వినడం ఎక్కడైనా వింటాను, నచ్చాక కొంటాను. బ్యాండ్‌క్యాంప్ 2008లో మొదలైంది. డిజిటల్ అమ్మకంలో 15 శాతం, రికార్డులూ చొక్కాల లాంటి వస్తువుల్లో 10 శాతం తన వాటాగా తీసుకుంటుంది. 2020 మార్చిలో, కచేరీలన్నీ ఆగిపోయినప్పుడు, ఒక శుక్రవారం ఆ వాటా కూడా వదులుకుంది. ఆ ‘బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే’ తర్వాత కూడా అప్పుడప్పుడూ వస్తూనే ఉంది. కొనేవి ఏవైనా ఉంటే ఆ రోజుకి దాచుకుంటాను. అయితే ఈ కంపెనీ ఏమీ దేవాలయం కాదు. 2022లో ఎపిక్ గేమ్స్ కొంది, 2023లో సాంగ్‌ట్రేడర్‌కి అమ్మేసింది, ఆ చేతుల మార్పిడిలో సగం మంది ఉద్యోగులు రోడ్డున పడ్డారు.

కొన్ని బ్యాండ్లు స్పాటిఫై వదిలేశాయి. మీరూ వదిలేస్తారా?

2025లో డీర్‌హూఫ్, కింగ్ గిజర్డ్ అండ్ ద లిజర్డ్ విజార్డ్ లాంటి బ్యాండ్లు వెళ్లిపోయాయి. అప్పటి స్పాటిఫై సీఈఓ డేనియల్ ఎక్ సైనిక సాంకేతికత చేసే హెల్సింగ్‌లో పెట్టుబడి పెట్టడం కారణం. కింగ్ గిజర్డ్‌కి పుష్కలంగా అభిమానులున్నారు, వాళ్లు ఎక్కడికెళ్తే అక్కడికి జనం వెళ్తారు. నిన్నగాక మొన్న పుట్టిన బ్యాండ్‌ని ‘నువ్వూ వెళ్లిపో’ అనడం మాత్రం నాకు న్యాయం అనిపించదు. వాళ్లకు అదొక్కటే కిటికీ. నిర్ణయం వాళ్లది. వెళ్లినవాళ్లను వెళ్లినచోట కొనడం మన వంతు.

2024, 2025లలో వచ్చినవాటిలో మీరు వదలకుండా విన్నవి?

గీస్ అనే న్యూయార్క్ బ్యాండ్ 2025 సెప్టెంబర్‌లో తెచ్చిన ‘గెటింగ్ కిల్డ్’. అంతకుముందు 2024 డిసెంబర్‌లో ఆ బ్యాండ్ గాయకుడు కామెరాన్ వింటర్ ఒంటరిగా ‘హెవీ మెటల్’ అని ఆల్బమ్ తెచ్చాడు. అందులో హెవీ మెటల్ మచ్చుకైనా లేదు, పియానో ముందు కూర్చున్న ఒక కుర్రాడు వణికే గొంతుతో పాడుకుంటాడు. ఏడాది చివర్లో, పత్రికలన్నీ ‘ఉత్తమ ఆల్బమ్‌ల’ జాబితాలు కట్టేసుకునే వేళకు రావడం వల్ల దాన్ని మొదట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. జనం నోట నోట పడి పైకి లేచింది. గొంతు సంగతి ముందే చెబుతున్నాను: కొందరికి అది దైవికం, కొందరికి జలుబు. నేను మొదటి వర్గం. గీస్ ఆల్బమ్‌లో నన్ను పట్టేసింది డ్రమ్స్. పాట ఇప్పుడు కూలిపోతుంది అనిపించేలా నడుస్తుంది, కూలదు. దాన్ని కలిసి ప్రొడ్యూస్ చేసిన కెన్నెత్ బ్లూమ్ హిప్‌హాప్‌లో పేరు తెచ్చుకున్న మనిషి. చూశారా, మళ్లీ క్రెడిట్స్ దగ్గరికే వచ్చాం.

రెండోది సిండీ లీ ‘డైమండ్ జూబిలీ’, 2024. 32 పాటలు, రెండు గంటల పైన. విడుదలైనప్పుడు స్ట్రీమింగ్‌లో పెట్టలేదు. తొంభైల నాటి జియోసిటీస్ వెబ్‌సైట్ల తరహా పేజీలో డౌన్‌లోడ్ లింకు, యూట్యూబ్‌లో మొత్తం ఆల్బమ్ ఒకే వీడియోగా, అంతే. కూర్చుంటే మొత్తం వినాలి. సంగీత సమీక్షల సైట్ పిచ్‌ఫోర్క్ దానికి పదికి 9.1 ఇచ్చింది. ప్రచారం లేదు, అయినా ఆ ఏడాది ఎక్కువగా మాట్లాడుకున్న ఆల్బమ్‌లలో ఒకటి అయింది. రెండు గంటలు అవసరమా అంటే, నా మటుకు అవసరం లేదు, ఓ అరగంట కోసినా నష్టం లేదు. కానీ ఆ అరగంట ఏదో మీరూ నేనూ ఒప్పుకోం.

ఒకసారి విన్నాను, నచ్చలేదు. నాదే లోపమా?

కాదు. ఇంకో రోజు ఇంకో సమయంలో వినండి. అప్పుడూ నచ్చకపోతే వదిలేయండి. ఇష్టపడాలని కష్టపడేవాళ్లను చూస్తే నాకు జాలి.

ఆల్బమ్ విడుదలై నెలలు గడిచినా వినైల్ రికార్డు చేతికి రాదెందుకు?

ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల ముందు క్యూ. పెద్ద తార ఎవరైనా ఆరు రంగుల్లో రికార్డు వేయిస్తే చిన్న లేబుల్ వెనక్కి జరగాల్సిందే. దానికి ముందే గొలుసులో ఒక బలహీనమైన లంకె ఉంది. రికార్డు అచ్చు కోసం మొదట లాకర్ పూత వేసిన పళ్లెం మీద గాడి చెక్కుతారు. ఆ పళ్లేలు చేసే ఫ్యాక్టరీలు ప్రపంచం మొత్తానికి రెండే మిగిలాయి. 2020 ఫిబ్రవరిలో వాటిలో ఒకటి, కాలిఫోర్నియాలోని అపోలో మాస్టర్స్, అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మిగిలింది జపాన్‌లోని ఎండీసీ. నేరుగా రాగి మీద చెక్కే పద్ధతి ఒకటి ఉండబట్టి పని ఆగలేదు గానీ, ఆ తర్వాతి ఏళ్లలో ఆలస్యాలకు ఇదీ ఒక చేయి వేసింది. అందుకని ముందస్తుగా కట్టినవాళ్లు కాస్త ఓపిక పట్టండి, బ్యాండ్‌ని తిట్టకండి.

విడుదలలన్నీ శుక్రవారమే ఎందుకు?

2015 జూలై 10 నుంచి పరిశ్రమ ప్రపంచమంతటికీ శుక్రవారం అని పెట్టుకుంది. అంతకుముందు అమెరికాకు మంగళవారం, బ్రిటన్‌కి సోమవారం అని దేశానికో రోజు ఉండేది. నాకు పాత పద్ధతే బాగుండేది. శుక్రవారం సినిమాలూ, ఆల్బమ్‌లూ ఒక్కసారే మీద పడతాయి, చిన్నవాళ్ల రికార్డులు ఆ తొక్కిసలాటలో నలిగిపోతాయి. నేను కావాలనే మంగళవారం వింటాను.

ఏఐ చేసిన పాటలను గుర్తుపట్టగలరా?

చెవితో ఖాయంగా పట్టగలనని గొప్పలు పోను. 2025 వేసవిలో ద వెల్వెట్ సన్‌డౌన్ అనే ‘బ్యాండ్’ స్పాటిఫైలో నెలకు పది లక్షలకు పైగా శ్రోతలను సంపాదించింది. తర్వాత అది ఏఐతో తయారైనదని తేలింది. పాటల స్ట్రీమింగ్ కంపెనీ డీజర్ అదే ఏడాది ఏప్రిల్‌లో చెప్పిన లెక్క ప్రకారం తమకు రోజూ వచ్చే కొత్త పాటల్లో 18 శాతం పూర్తిగా ఏఐవే, అంటే రోజుకు 20,000 పైచిలుకు. ఆ సంఖ్య తర్వాత ఇంకా పెరిగింది.

నా ఆయుధం మళ్లీ పాతదే. క్రెడిట్స్ చూడండి. డ్రమ్స్ వాయించినవాడి పేరు లేదా? ఏ స్టూడియోలో చేశారో లేదా? ఎక్కడా కచేరీ చేయలేదా? మరి ఎవరిని ఇష్టపడుతున్నాం? పాట బాగుంటే చాలదా అని అడుగుతారు. ఆ ఒక్క సాయంత్రానికి చాలొచ్చు. కానీ నాకు పాటతో పాటు వాళ్ల తర్వాతి పాట కోసం ఎదురుచూడటం కూడా కావాలి. ఎదురుచూడటానికి అవతల ఒక మనిషి ఉండాలి.

రేటింగులు నమ్ముతారా?

సినిమా సమీక్షలు పోగేసే రాటెన్ టొమాటోస్ సైట్‌లో 95 శాతం అంటే సినిమాకి వందకి 95 మార్కులు అనుకునేవాళ్లే ఎక్కువ. అది సమీక్షకుల్లో ఎంతమందికి ‘పర్లేదు, బాగుంది’ అనిపించిందన్న లెక్క. అందరూ పదికి ఆరున్నర ఇచ్చినా 100 శాతం రావచ్చు. సగం మందికి ప్రాణం, సగం మందికి చిరాకు అయిన సినిమాకి 50 వస్తుంది. నాకు నచ్చే సినిమాలు తరచూ ఆ 50లలోనే దొరుకుతాయి. మెటాక్రిటిక్ సగటు లెక్క కొంత మేలు. అన్నిటికంటే మేలు, మీ రుచికి దగ్గరగా ఉన్న సమీక్షకుణ్ని ఒకరిని, మీకు సరిగ్గా వ్యతిరేకంగా ఉన్నవాణ్ని ఒకరిని పట్టుకోవడం. రెండోవాడు తిట్టాడంటే నేను టికెట్ కొంటాను.

పాటల సమీక్షలకు గడ్డుకాలం. 1996లో మొదలైన పిచ్‌ఫోర్క్‌ను 2024 జనవరిలో యాజమాన్యం జీక్యూ పత్రిక కిందకి చేర్చి, చాలామందిని తీసేసింది. దాని మార్కుల మీద ఎన్ని జోకులు వేసుకున్నా, కొత్త బ్యాండ్ గురించి వెయ్యి మాటలు రాసి డబ్బు తీసుకునే ఉద్యోగాలు ఎన్ని మిగిలాయి చెప్పండి.

ఇండీ వాళ్లు సినిమాలకు సంగీతం చేస్తున్నారు. మంచిదేనా?

ఈ ప్రశ్న కోసమే ఇంతసేపూ చూస్తున్నాను. మంచిదే. సినిమా నేపథ్య సంగీతంలో ఈ ఇరవై ఏళ్లలో నాకు నచ్చిన గాలి ఆ కిటికీ నుంచే వచ్చింది.

డేనియల్ బ్లూమ్‌బర్గ్‌ని తీసుకోండి. కుర్రతనంలో కేజన్ డాన్స్ పార్టీ, తర్వాత యక్. 2011లో యక్ మొదటి ఆల్బమ్ విని ‘బాగుంది, తొంభైల గిటార్ మోత’ అని పక్కన పెట్టినవాళ్లు చాలామంది. ఆ మనిషే బ్రేడీ కోర్బెట్ తీసిన ‘ద బ్రూటలిస్ట్’ సంగీతానికి 2025 మార్చిలో ఆస్కార్ తీసుకున్నాడు. వేదిక మీద, లండన్‌లో ప్రయోగాత్మక సంగీతానికి అడ్డా అయిన కఫే ఓటోని తలుచుకున్నాడు. మోనా ఫాస్ట్‌వోల్డ్ తీసిన ‘ద టెస్టమెంట్ ఆఫ్ ఆన్ లీ’కి కూడా ఆయనే. వన్‌ఓట్రిక్స్ పాయింట్ నెవర్ పేరుతో సింథసైజర్ల పొగమంచు అల్లే డేనియల్ లోపాటిన్ ‘అన్‌కట్ జెమ్స్’కి, 2025లో ‘మార్టీ సుప్రీమ్’కి చేశాడు. మికా లెవీ మొదట ఒక చిన్న బ్యాండ్ నడిపేవారు, ‘అండర్ ద స్కిన్’కి చేసిన తీగవాద్యాల గీరుడు ఇప్పటికీ నా ఒళ్లు జలదరింపజేస్తుంది.

ఎందుకు బాగుంటాయో నాకు ఒక లెక్క ఉంది. సినిమా ఎడిటింగ్ జరిగేటప్పుడు సొంత సంగీతం ఇంకా ఉండదు కాబట్టి ఏదో పాత సంగీతం తాత్కాలికంగా పెట్టుకుని కోస్తారు. నెలల తరబడి అదే వింటే దర్శకుడి చెవి దానికి అతుక్కుపోతుంది. తర్వాత వచ్చిన మ్యూజిక్ డైరెక్టర్‌ని ‘ఇలాంటిదే, కానీ కేసు పడకుండా’ చేయమంటారు. అందుకే ఎన్నో భారీ చిత్రాల సంగీతం ఒకదానికొకటి కవల పిల్లల్లా ఉంటుంది. ఇది కొత్త జబ్బు కాదు. 1968 నాటి ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో అలెక్స్ నార్త్ రాసిన సంగీతాన్ని పక్కన పెట్టి తాత్కాలికంగా పెట్టుకున్న శాస్త్రీయ సంగీతాన్నే ఉంచేశారు. అక్కడ ఫలితం అద్భుతం, నార్త్‌కి మాత్రం అన్యాయం. బ్యాండ్ల నుంచి వచ్చినవాళ్లను చాలాసార్లు షూటింగ్‌కి ముందే పిలుస్తారు. బ్లూమ్‌బర్గ్ సంగీతం సెట్ మీదే వినిపించిన సందర్భాలున్నాయి. చిత్రం సంగీతాన్ని విని నడుస్తుంది. తేడా తెరమీద తెలుస్తుంది.

ప్రతివాళ్లూ పనికొస్తారా? రారు. పాటలో బలం మూడు నిమిషాల్లో తేలుతుంది, సినిమాలో నలభై నిమిషాలు నోరు మూసుకుని ఉండటం కూడా తెలియాలి. అది తెలియని బ్యాండ్ వాళ్లు సినిమా నిండా మూడ్ పోసి ముంచేస్తారు. అలాంటివీ చూశాను.

నాకిష్టమైన బ్యాండ్ పాట సినిమాలో వచ్చింది. అమ్ముడుపోయినట్టేనా?

అద్దె కట్టుకున్నట్టు. సినిమాలో పాట వాడాలంటే రెండు అనుమతులు కావాలి: పాట రాసినవాళ్ల హక్కుకి ఒకటి, ఆ రికార్డింగ్‌కి ఇంకొకటి. సొంత పాటలు రాసుకుని సొంతంగా రికార్డు చేసుకున్న బ్యాండ్‌కి రెండూ చేతిలోనే ఉంటాయి. సినిమాకి పాటలు ఏరి అనుమతులు తెచ్చే మ్యూజిక్ సూపర్‌వైజర్‌కి ఒక్క ఫోన్‌తో పని అయిపోతుంది, పెద్ద తార పాట కంటే బడ్జెట్‌కీ మేలు. చిన్న సినిమాల్లో చిన్న బ్యాండ్ల పాటలు ఎక్కువగా వినపడటానికి రుచితో పాటు ఇదీ కారణం. దాని వల్ల ఒక బ్యాండ్ ఇంకో ఆల్బమ్ చేయగలిగితే నాకు అభ్యంతరం ఏముంటుంది. పాట వచ్చిన సన్నివేశం చెత్తగా ఉంటే మాత్రం బాధే. ఆ పాట ఎప్పుడు విన్నా ఆ సన్నివేశమే కళ్లముందుకొస్తుంది.

రాబోయే సినిమాల్లో దేనికోసం ఎదురుచూస్తున్నారు?

పేర్లతో జాబితా పెట్టుకోను. సినిమాల పేర్లు మారతాయి, తేదీలు అంతకంటే త్వరగా మారతాయి. 2023లో హాలీవుడ్ రచయితల సమ్మె 148 రోజులు, నటుల సమ్మె 118 రోజులు నడిచింది. ఆ ఏడాది నవంబర్‌లో రావలసిన ‘డ్యూన్: పార్ట్ టూ’ లాంటి భారీ సినిమా కూడా 2024 మార్చికి జరిగింది. అందుకే నా జాబితా మనుషులది. లోపాటిన్, బ్లూమ్‌బర్గ్, లెవీ సంగీతం అన్న మాట వినపడితే సినిమా దేని గురించో కూడా అడగను. జేన్ షోన్‌బ్రన్ తర్వాత ఏం తీసినా చూస్తాను: ‘ఐ సా ద టీవీ గ్లో’లో సంగీతం అలెక్స్ జీ, పాటలు యూల్, క్యారొలైన్ పోలాచెక్ లాంటివాళ్లవి, స్నెయిల్ మెయిల్ పేరుతో పాడే లిండ్సీ జోర్డన్ ఏకంగా నటించింది. నా రెండు పిచ్చిలూ ఒకే తెర మీద కలిసిన సినిమా అది.

ఇంకా కెమెరామన్ పేరు, ఎడిటర్ పేరు చూస్తాను. నటుల పేర్లు చివర్లో. నటులు మంచి సినిమాలోనూ, పనికిమాలిన సినిమాలోనూ అంతే చక్కగా కనపడతారు, వాళ్లను బట్టి ఏమీ చెప్పలేం.

ట్రైలర్ చూస్తారా?

మొదటి టీజర్ చూస్తాను, తర్వాతవి చూడను. ట్రైలర్ ఎక్కువగా దర్శకుడు కోయడు. దానికి వేరే సంస్థలుంటాయి, వాళ్ల పని టికెట్ అమ్మడం. అందులో వినపడే పాట చాలాసార్లు సినిమాలో ఉండదు. 2010లో ‘ద సోషల్ నెట్‌వర్క్’ ట్రైలర్‌కి రేడియోహెడ్ పాటను ఒక బెల్జియం అమ్మాయిల బృందగానంతో మెల్లగా పాడించిన రికార్డు వాడారు. అదిరిపోయింది. దాని పుణ్యాన తర్వాత కొన్నేళ్ల పాటు ప్రతి ట్రైలర్‌లోనూ ఏదో పాత హుషారు పాటను శవయాత్రలా సాగదీసి వినిపించారు. ఇక చాలు బాబూ.

2014లో అమెరికా థియేటర్ యజమానుల సంఘం ట్రైలర్లు రెండు నిమిషాలు దాటొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఐచ్ఛికం, ఎవరు పాటించారో మీరే చూస్తున్నారు. మూడో ట్రైలర్ వచ్చేసరికి కథ మొత్తం చెప్పేస్తున్నారు.

ఫెస్టివల్‌లో పది నిమిషాలు చప్పట్లు కొట్టారట. ఆ సినిమా అంత గొప్పదా?

చప్పట్ల నిమిషాలు లెక్కపెట్టడం నాకు నవ్వొచ్చే పని. దర్శకుడూ నటులూ అదే హాల్లో నిలబడి ఉంటారు, కెమెరా వాళ్ల మొహాల మీద ఉంటుంది, ఎవరు ముందు కూర్చుంటారు? దాని బదులు సినిమాను ఎవరు కొన్నారో చూడండి. నియాన్ అనే పంపిణీ సంస్థ 2019 నుంచి 2025 దాకా కాన్స్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ డోర్ గెలిచిన ప్రతి సినిమానూ అమెరికాలో తెచ్చింది, వరసగా ఆరు (2020లో పోటీ జరగలేదు). డబ్బు పెట్టి మరీ వాళ్లు చేసిన ఎంపిక అది, చప్పట్లకు ఖర్చు లేదు.

ఏడాది తీరు తెలుసుకుంటే ఓపిక వస్తుంది. జనవరిలో సన్‌డాన్స్, ఫిబ్రవరిలో బెర్లిన్, మార్చిలో సౌత్ బై సౌత్‌వెస్ట్, మేలో కాన్స్, ఆగస్టు చివర నుంచి వెనిస్, టెల్యురైడ్, టొరంటో. శరదృతువులో చూపించినవి అవార్డుల కోసం డిసెంబర్‌లోపే వస్తాయి. జనవరిలో చూపించిన చిన్న సినిమా మనదాకా రావడానికి ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. అన్నట్టు, దశాబ్దాలుగా యూటాలోని పార్క్ సిటీలో జరిగిన సన్‌డాన్స్ 2027 నుంచి కొలరాడోలోని బౌల్డర్‌కి మారుతుంది.

థియేటర్‌లోనా, ఇంట్లోనా?

సంగీతం ముఖ్యమైన సినిమా ఏదైనా థియేటర్‌లోనే. లోపాటిన్ కింది స్వరాలు ల్యాప్‌టాప్ స్పీకర్లలో ఉండవు, అక్షరాలా ఉండవు. ‘ద బ్రూటలిస్ట్’ మూడున్నర గంటల పైన, మధ్యలో 15 నిమిషాల విరామం సినిమాలోనే భాగం. 1954లో పారమౌంట్ తెచ్చి, తర్వాత మూలన పడేసిన విస్టావిజన్ పద్ధతిలో, 35 ఎంఎం ఫిల్మ్‌ను అడ్డంగా నడిపించి తీశారు. కోటి డాలర్ల లోపు బడ్జెట్‌లో. దాన్ని ఫోన్‌లో చూశానని ఎవరైనా చెబితే నేను వాదించను, మాట మారుస్తాను.

ఇబ్బంది ఏమిటంటే, వెళ్దాంలే అనుకునేలోపు చిన్న సినిమాలు లేచిపోతాయి. ఒకప్పుడు థియేటర్‌కి, ఇంటికి మధ్య 90 రోజుల గడువు ఉండేది. 2020 తర్వాత అది బాగా కుదించుకుపోయింది. చిన్న సినిమాకి మొదటి వారమే వెళ్లండి.

సినిమాకి ముందే పాటల ఆల్బమ్ వింటారా?

పాటలైతే వింటాను. నేపథ్య సంగీతం మాత్రం సినిమా అయ్యాకే. ఆల్బమ్‌లో ట్రాకుల పేర్లే కొన్నిసార్లు కథ చెప్పేస్తాయి, ఎవరు చచ్చిపోతారో సహా.

సరే, ఇవన్నీ విన్నాను. ఈ రాత్రికి ఎక్కడ మొదలుపెట్టమంటారు?

పాటకైతే ‘టైగర్స్ బ్లడ్’. గొంతు ఎవరినీ భయపెట్టదు, నచ్చితే పైన చెప్పిన దారి పట్టి లెండర్‌మన్, వెన్స్‌డే దాకా నడిచి వెళ్లొచ్చు. సాహసం చేయాలనుంటే కామెరాన్ వింటర్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. సినిమాకైతే ‘ఐ సా ద టీవీ గ్లో’, లైట్లు ఆర్పేసి, పెద్ద స్పీకర్లు ఉన్నవాళ్ల ఇంట్లో. అయ్యాక వెంటనే లేవకండి. టైటిల్స్ నడుస్తుంటాయి, సంగీతం పేరు దగ్గర ఆపి రాసుకోండి. తర్వాత ఏం వినాలో ఇక నన్ను అడగక్కర్లేదు.